తలుపు వెనక జడ్జిగారు

ఆ టీవీ కట్టెయ్, డెలియా. పొద్దున్నుంచీ ఒకటే గోల. రాజ్యాంగం రాసిన రోజున రాసినవాళ్ళ మనసులో ఏ అర్థముందో అదే తీసుకోవాలిట, ఇప్పుడు మనకేమనిపిస్తే ఏంట్ట! ఏదో నిన్ననే కనిపెట్టినట్టు ఆ పెద్ద కోర్టు జడ్జీలు తీర్పుల మీద తీర్పులు చెబుతున్నారు. యాభై ఏళ్ళ కిందట మా క్రోథర్ జడ్జిగారు అచ్చం ఇదే అనేవారు. లా చదువుతున్నావు కదా, ఆయన పేరు విన్నావా? వినుండవులే. ఆయన దగ్గర పదహారేళ్ళు బంట్రోతు పని చేశాను. 'అందరూ లేవండి' అని అరవడం, తలుపులు వెయ్యడం, తియ్యడం, అంతే. మనిషి మాత్రం బంగారం. మీ అమ్మమ్మకి కాన్పు కష్టమైతే మంచులో తన కారేసుకొచ్చారు, ఫిబ్రవరో మార్చో... సరే, అది కాదుగా నేను చెబుతున్నది.

వెండెల్ స్ప్రాగ్ అని ఓ ఖైదీ. కోర్టు వెనకే జైలు. కిటికీ లేని గదిలో రెండేళ్ళుగా ఒంటరిగా పడేశారు. పెన్సిల్‌తో అర్జీ రాసుకున్నాడు పాపం, 'అయ్యా, ఇది క్రూరమైన శిక్ష, రాజ్యాంగం ఒప్పుకోదు, నన్ను వెలుగులోకి తియ్యండి' అని. జడ్జిగారు నాతో ఏమన్నారో తెలుసా? 'క్రూరమో కాదో చెప్పడానికి నేనెవణ్ణోయ్ ఓటిస్? రాసినవాళ్ళని అడగాలి.' వాళ్ళెక్కడున్నారు, మట్టిలో కలిసి ఎన్నేళ్ళయిందో! మా కోర్టు నేలమాళిగలో వాళ్ళ కాలం నాటి రాతి కొట్టు ఒకటుండేది, ఇనప తలుపుతో. అందులో కూర్చుంటే వాళ్ళకేమనిపించేదో తెలుస్తుందిట. మధ్యాహ్నం పన్నెండింటికి నా చేతిలో ఓ కాగితం పెట్టారు. ఆయన రాతే. 'ఐదింటి దాకా తలుపు తియ్యకు. లోపల్నుంచి నేనేం చెప్పినా వినకు. ఇప్పుడు రాసిందే లెక్క.' నవ్వుతూనే లోపలికెళ్ళారమ్మా. తాళం వేశాను.

కాసేపు ఆయన గొంతు వినపడింది. తనలో తనే మాట్లాడుకుంటున్నారనుకున్నా. తర్వాత ఇంకో గొంతు బదులు చెప్పింది. నవ్వకు, నేను తాగలేదు. మూడింటికి తలుపు దబదబా మోగింది. 'ఓటిస్, తియ్యవోయ్! నీకు పుణ్యముంటుంది, తియ్యి!' ఓ చేతిలో తాళంచెవి, ఓ చేతిలో కాగితం. చదివాను. మళ్ళీ చదివాను. ఎన్నిసార్లు చదివినా తియ్యొద్దనే ఉంది. నాలుగింటికి చప్పుడాగిపోయింది. ఐదు కొట్టగానే తీశాను. గోడకి ఆనుకుని కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. ఒళ్ళో ఇంకో కాగితం, దాని మీద 'ఇది క్రూరమే' అని ఒక్క ముక్క. డాక్టరొచ్చి ఒళ్ళు పట్టి చూసి, ఒంటిగంటకే ప్రాణం పోయుంటుందన్నాడు. ఒంటిగంటకి! మరి మూడింటికి నన్ను పేరు పెట్టి పిలిచిందెవరు?

కొత్త జడ్జి వచ్చి ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, 'సంతకం లేదు, కాబట్టి తీర్పు కాదు' అన్నాడు. పోనీ ఆయనగారు సొంతంగా విన్నాడా అంటే అదీ లేదు, అర్జీ కొట్టేశాడు. వెండెల్‌కి ఆ మాట నేనే వెళ్ళి చెప్పాల్సొచ్చింది, తలుపు కన్నంలోంచి. వాడు మెల్లిగా కన్నం దగ్గరికొచ్చి, 'జడ్జిగారు కొడుతుంటే నీకు వినపడిందా, ఓటిస్?' అన్నాడు. వినపడిందన్నాను. 'మరి రెండేళ్ళుగా నేను కొడుతుంటే?' అన్నాడు.

...

ఆ గది తలుపెందుకు వేశావు, తల్లీ? తియ్యి. ఇంకొంచెం. ఆఁ, అలా ఉండనీ.