ఎవుల తాళం ఆలే తియ్యాలి

జంషెడ్‌పూర్‌లో ఒక కార్ఖానా, బెల్టులు నడిపే మోటారు గది. పోయిన నెలలో మొగుడు సూర్యాన్ని పోగొట్టుకున్న త్రివేణికి మేస్త్రీ పోలరాజు పని నేర్పుతున్నాడు. సూర్యం ఉద్యోగం ఆమెకే ఇస్తామన్నారు గానీ కాగితం మీద పరీక్ష పెట్టి ఊరుకునే రకాలు కారు. ఇవాళ మెషిన్ దగ్గర చేసి చూపిస్తేనే గేటు పాసు.

“మళ్ళీ సెప్పు త్రివేణీ.”

“స్విచ్చి ఆపాలి. ఆపి...”

“ఆపి?”

“నా తాళం ఎయ్యాలి. కీ నా జేబులో ఎట్టుకోవాలి.”

“తాళం మీద ఏటుంటాది?”

“నా ఫొటో. నా పేరు.”

“దేనికి?”

“నాను లోపలున్నానని. తాళం ఉందంటే లోపల మనిసున్నట్టే. ఎవులూ మెషిన్ నడపకూడదు.”

“ఠీక్. నీ పనయిపోనాది. తాళం నాను తియ్యొచ్చా?”

“తియ్యకూడదు.”

“మన ఆఫీసరు సౌరభ్ సాబ్ తియ్యమన్నాడనుకో?”

“తియ్యకూడదు. ఎవుల తాళం ఆలే తియ్యాలి.”

“మరిసిపోయి మాంగోలో మీ ఇంటికి ఎల్లిపోనావు. అప్పుడో?”

“ఫోన్ సేత్తారు. ఆటో ఎక్కి ఎనక్కొచ్చి తీత్తాను.”

“బస్, సాలు. నోటితో సదువు అయిపోనాది, ఇంక సేత్తో. ఒకటో బెల్టు ఆపు. అటు కాదు, ఆ పిడి కిందకి. ఆఁ. ఇప్పుడు బటన్ నొక్కు, తిరుగుతాదేమో సూడు.”

“తిరగలేదు.”

“తాళం ఎయ్యి. లాగి సూడు.”

“పడింది.”

“సెయ్యి వణకలేదు సెల్లెమ్మా. మా కుర్రోళ్ళకి మొదట్లో గజగజే.”

“ఏటో అన్నియ్యా. సేతులు నావి కానట్టున్నాయి, ఆ రోజు కాడ్నించీ.”

“టీ తాగుతావా?”

“వద్దు. ఆయన టీ గ్లాసట్టుకునే పడిపోనాడన్నారు కదా.”

“క్యాంటీన్లో. గుండె. ఇప్పుడే వత్తానని ఎల్లేడు, పని సగంలో ఆపి.”

“ఏ పని?”

“ఆడి కీలగుత్తి తెమ్మన్నాను. తెచ్చేవా?”

“తెచ్చేను. ఏ పని అన్నియ్యా?”

“రెండో బెల్టు. అదిగో.”

“ఆ తాళం మీద... ఆయన ఫొటోయేనా?”

“ఆడిదే.”

“ఇంకా తియ్యలేదేటి?”

“సాబ్ కట్టర్ తెప్పించేడు. కోసీడానికి పర్మిషన్ ఉంది. ఎవులికీ సెయ్యి రాలేదు. ఒక్క బెల్టు మీదే లాక్కొత్తన్నాం. ఇంక కుదరదంట. కీ నీకాడుంది కాబట్టి ఆడి తరఫున నువ్వు తీత్తే... అదే నీ పరీక్షన్నారు.”

“తీత్తే ఏటవుతాది?”

“బెల్టు తిరుగుతాది. నీ పాసు మీద సంతకం పడతాది.”

“తియ్యకపోతే?”

“పిల్లనేటి సేసి పెంచుతావు? ఉజ్జోగం పోతాది. తియ్యమ్మా. సిన్న తాళం.”

“కీ పట్టింది.”

“తిప్పు మరి.”

“ఈ ఫొటోలో మీసం లేదు.”

“సేరినప్పటిది. తిప్పు సెల్లెమ్మా. సాబ్ సూత్తన్నాడు.”

“ఈ కీ నీకాడే ఉంచు.”

“అదేటి? తిప్పకుండానే కీ లాగేసేవేటి?”

“తాళం ఉందంటే లోపల మనిసున్నట్టేనని నువ్వే నేర్పేవు కదా అన్నియ్యా. సాబ్‌ని ఫెయిలని రాసుకోమను.”