‘పిడివాదం’ చీటీ మీద రెండో సంతకం

వదినగారికీ, అమ్మాయికీ, కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డ మీ అందరికీ నమస్కారం. మన నిఘంటువు ఆఫీసుకు ముప్పయ్యేళ్లు పెద్ద దిక్కుగా ఉన్న ప్రధాన సంపాదకులు పోయి ఇవాళ్టికి రెండు వారాలు. ఆయన కుర్చీ అదిగో, అలాగే ఉంచాం. కూర్చోమన్నా ఎవరూ కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు.

చాటున మనమంతా ఆయన్ని ‘ససేమిరా’ అనేవాళ్లం. ఇంకా దాచడం దేనికి? వదినగారూ అనేవారు! నచ్చని మాట చెవిన పడితే ఆయన నోరు విప్పేవారు కాదు. వేలి ఉంగరంతో బల్ల మీద రెండుసార్లు కొట్టేవారు. టక్, టక్. అంతే, ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా వినరు.

మరి ఒట్టి మొండివాడేనా? ఒకసారి ‘చిత్రిక’ అనే మాటకు ఆయన రాసిన అర్థం తప్పని ఎవరో వడ్రంగి అన్నాడట. ఎండలో నడిచి వెళ్లి, ఆ వడ్రంగి కొట్లో మూడు గంటలు కూర్చుని, చొక్కా నిండా చెక్కపొట్టుతో తిరిగొచ్చారు. రాగానే తన రాతను తానే కొట్టేశారు. ‘చిత్రిక పట్టేవాడికంటే నాకెక్కువ తెలుసా ఏంటయ్యా?’ అన్నారు. వడ్రంగి ముందు అంత సులువుగా వంగిన మనిషి, నా ముందు పదకొండేళ్లు వంగలేదు. ఒకే ఒక్క మాట దగ్గర.

ఆ మాట పిడివాదం. అర్థంలో పేచీ లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనడం. పేచీ అంతా దాని పుట్టుక దగ్గరే. పిడి అంటే పిడికిలి అని ఆయన. చెయ్యి బిగించి నా ముక్కు ముందు పెట్టి, ‘మూసిన పిడికిట్లోంచి ఉన్నది జారదు, కొత్తది లోపలికి పోదు. అదయ్యా పిడివాదం’ అన్నారు. కాదు, కత్తిపిడి అని నేను. పిడి తన చేతిలో ఉంచుకుని అంచు ఎదుటివాడి వైపు తిప్పడమే ఆ వాదం అన్నాను. టక్, టక్.

రుజువు ఇద్దరి దగ్గరా లేదు. ఇక్కడి కట్టుబాటు మీకు తెలుసు. మాటకొక చీటీ, చీటీకి ఇద్దరి సంతకాలు. రెండోది పడందే ఆ మాట అచ్చుకు వెళ్లదు. ‘రెండూ వేసి మధ్యలో లేదా అని రాయండి, మీకు పుణ్యముంటుంది’ అని ప్రూఫులు దిద్దే అక్కయ్య ఎన్నిసార్లు బతిమాలిందో! లేదా అంటే ఆయనకు గిట్టదు. నిజం చెప్పొద్దూ, నాకూ గిట్టదు.

ఆ రోజు ఆయన భోజనానికి రాలేదు. నేను తిని వచ్చేసరికి బల్ల దగ్గర తల వంచుకుని కూర్చున్నారు. కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది. ఓహో, మళ్లీ నన్ను రెచ్చగొడుతున్నారనుకున్నాను. ఎదురుగా కూర్చుని అందుకున్నాను. పావుగంట! అయ్యా, అమ్మా, పావుగంట సేపు వాదించాను. ఉంగరం చప్పుడు రాలేదు. పదకొండేళ్లలో మొదటిసారి గెలిచాననుకున్నాను. ఆ సంతోషం పట్టలేక ఆయన చేతి మీద చెయ్యి వేశాను.

చల్లగా ఉంది.

వదినా, నన్ను క్షమించండి. ఈ మాట మీకు ఇంతవరకూ చెప్పలేదు. నేను వచ్చేటప్పటికే ప్రాణం పోయి చాలాసేపైందని డాక్టరు అన్నారు. నేను గెలిచింది శవం మీద.

డాక్టరు ఒక్కో వేలూ విప్పారు. లోపల నలిగిన చీటీ. ‘పిడివాదం’ చీటీ. కత్తిపిడి అన్న నా రాత కింద ఆయన సంతకం, ఆ రోజు తేదీ. నేను నోరు తెరవకముందే ఆయన ఒప్పేసుకున్నారు. మరి నేను అంచు ఎవరి వైపు తిప్పినట్టు?

ఇక పడాల్సింది నా సంతకం. రెండు వారాలుగా పెట్టలేకపోతున్నాను. కలం మూత తియ్యగానే టక్, టక్. నా చెవుల భ్రమ అనుకున్నాను. నిన్న పట్టపగలు అక్కయ్య కూడా తలెత్తింది. ఖాళీ కుర్చీ వైపు చూసింది. ఆ తర్వాత నా ఎడమచేతి వైపు చూసింది. అది బల్ల మీద పిడికిలి బిగించి ఉంది. ‘తమ్ముడూ, కొడుతున్నది నువ్వే’ అంది.

నా వేళ్లకు ఉంగరం లేదు. ఇవిగో, చూడండి. ఆయన ఉంగరం ఆయనతోనే పోయింది.

ఆయన దేనికి అడ్డు చెబుతున్నారు? నా కత్తిపిడికా, నేను ఇంకా సంతకం పెట్టనందుకా? భయంగా ఉంది, సిగ్గు విడిచి చెబుతున్నాను. రేపు ఆ పేజీ అచ్చుకు వెళ్లాలి. ఇవాళ పొద్దున పిడికిలి అన్న ఆయన మాటను నా చేత్తోనే ఆ చీటీలో రాశాను. రెంటికీ మధ్య ‘లేదా’ అని రాశాను. చీటీ ఈ బల్ల మీదే ఉంది. మీరు మౌనంగా ఉన్నప్పుడు సంతకం పెడతాను.

దయచేసి అందరూ లేవండి. రెండు నిమిషాలు. చేతులు వదులుగా, వేళ్లు విప్పి నిలబడండి. నా ఎడమచెయ్యి అక్కయ్య పట్టుకుంటుంది. చప్పుడు వస్తే, అది మనది కాదు. రాకపోతే, ఆయన ఒప్పుకున్నారని మాత్రం అనుకోకండి. ఆ తప్పు నేను ఒకసారి చేశాను.