నంబరు మారిన తిట్టు

కావలి కోర్టులో వాయిదా ముగిసింది. ఫిర్యాదీ, ముద్దాయి ఒకే మోటారుసైకిలు మీద బోగోలు దగ్గరి తమ పల్లెకు తిరిగి వస్తున్నారు. బండి నడిపేది ఫిర్యాదీ.

“మామా, చేపల వేలంపాటలో నన్ను ఫోర్ ట్వంటీ అన్నావని గదా కేసు పెట్టినాను?”

“నిన్నటి వంజరాన్ని ఈరోజుదని అమ్మితే ఇంకేమంటారు రా?”

“ప్లీడరు గుమస్తా ఒక మాట చెప్పినాడు. కొత్త చట్టంలో మోసానికి ఆ నంబరు లేదంట. ఇప్పుడది మూడొందల పద్దెనిమిదంట.”

“అయితే నేను తిట్టిందేంది?”

“ఉత్త అంకె. ఇంక కేసెందుకు? రాజీ కాయితం రాసేద్దాం.”

“రాస్తే వాయిదాలుండవు గదా?”

“ఉండవు.”

“నువ్వు నన్ను బండెక్కించుకునేదుండదు. కోర్టు ముందర ఇద్దరం కూర్చుని కారం దోసె తినేదుండదు.”

“నాకూ అదే దిగులుగా ఉంది మామా.”

“ఆ బస్టాండు కాడ బండి ఆపు అల్లుడా.”

“ఎందుకు?”

“జనం బాగా ఉండారు. నిన్ను గట్టిగా త్రీ ఎయిటీన్ అంటా. మళ్ళీ కేసు పెట్టు.”