టైలరు కుట్టిన మూడు పొరల మాస్కు

డ్యూటీ దిగిన నర్సు టీ కొట్టు దగ్గరికి వచ్చేసరికే ఆమె అన్న, టైలరు, బెంచీ నడుమ కూర్చుని కోతలు మొదలెట్టేశాడు.

"ఆ మాయదారి జబ్బు రోజుల్లో వీధి వీధంతటికీ మాస్కులు కుట్టిందెవరు? నేను! రోజుకి నలభై!"

అది నిజమే. అందుకే చెల్లెలు తలూపుతూ మొగుడి పక్కన కూర్చుంది. ఆయన బస్సు కండక్టరు.

"నలభై మొదట్లోలెండి. చెయ్యి తిరిగాక నాలుగొందలు! మూడు పొరల బట్ట, ముక్కు దగ్గర నొక్కుకునే తీగ. ఇదిగో, మా బావకి ఒకటిచ్చాను. కిక్కిరిసిన బస్సులో జనం మొహం మీదే దగ్గుతున్నా టికెట్లు కొట్టాడు. ఒక్కనాడు పడకేశాడేమో అడగండి!"

"కిటికీలు కూడా తెరిచే ఉంచాం బావా," అన్నాడు కండక్టరు.

"మాస్కు సంగతి చెబుతుంటే మధ్యలో కిటికీలెందుకయ్యా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ బస్సు నల్లటి పొగ కక్కుతూ దగ్గేది కదా, దాని గొట్టానికీ ఒకటి తొడిగాను. పదకొండు గజాల బట్ట! మర్నాటికల్లా బస్సు పిల్లిలా నడిచింది."

"మరి పొగ ఎటు పోయింది?" అన్నాడు టీ కొట్టాయన.

"సిగ్గుపడి లోపలే ఉండిపోయింది. అంతటితో అయిందా? ఓ రోజు ఆ క్రిమే స్వయంగా నా కొట్లోకొచ్చింది. మీకు కనపడదు, నావి సూదిలో దారమెక్కించే కళ్ళు! మొదటి పొర దాటింది, రెండో పొరలో దారి తప్పింది, మూడో పొరలో కూలబడి 'మాస్టారూ, పిల్లలు గలదాన్ని, వదిలెయ్యండి' అని ఒకటే ఏడుపు. జాలేసి చొక్కా గుండీ కాజాలోంచి వదిలేశా. అది పోయి తనవాళ్ళతో ఏం చెప్పిందో, సముద్రం అవతల కూడా జలుబు మందుల కొట్లు మూతపడ్డాయి!"

అందరూ పడీ పడీ నవ్వారు. నర్సు మాత్రం అన్న నోటివంకే చూస్తూ ఉండిపోయింది. ఆ రోజుల్లోనే తన వార్డులో, కిటికీ పక్క మంచం మీద, ఐదు రోజులపాటు ఆ నోట మాట లేదు. ఆక్సిజన్ గొట్టం సర్దుతూ, "అన్నయ్యా, ఒక్క కోత కొయ్యవూ," అని ఆమె చెవిలో బతిమాలుకుంది. ఆరో రోజు కళ్ళు తెరిచి, "యముడికి కొలతలు తీసి వచ్చానే," అన్నాడు. ఆమె స్టోర్‌రూంలోకి పోయి తనివితీరా ఏడ్చింది.

ఇప్పుడు నవ్వుతూ అడిగింది. "మరి మా వార్డులో పదకొండు రోజులు పడుకున్నదెవరు అన్నయ్యా?"

టైలరు తడబడ్డాడు. "అదీ... మాస్కులెలా పనిచేస్తున్నాయో తనిఖీకొచ్చాను."

"బాగానే పనిచేశాయి. ముక్కూ నోరూ మూసి కట్టుకున్నవాళ్ళలో మా దాకా వచ్చింది తక్కువే. నువ్వేమో కబుర్లకి అడ్డమని గడ్డం కింద వేలాడదీశావు."

"అయితే నా కుట్టులో లోపం ఉందంటావా?"

"అబ్బే! నీ గడ్డానికి ఏ జబ్బూ రాలేదుగా!"