జీపు సీటు కింద కట్ట

ఆ కట్ట అక్కడే ఉంచండి జగన్నాథం మామయ్యా. నా ముందుకి జరపకండి. నేను ముట్టుకోను.

ఏమిటా నవ్వు? ముట్టుకుంటే ఏమవుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ ఫిజీ దేశంలో యంగోనా వేళ్ళ కట్ట చేత్తో అందుకున్నామంటే అడిగింది ఇస్తామని మాట ఇచ్చినట్టే. ముప్పై అయిదేళ్ళు సర్కారు కొలువు చేసిన మనిషి, ఊరికే కిలో వేళ్ళు కొనుక్కుని లౌతోకా దాకా బస్సెక్కి వస్తారా?

తెలుగులోనే మాట్లాడతాను. మీది తుప్పు పట్టిందని తెలుసు, మన తెలుగువాళ్ళ సంగంలో భజనప్పుడు తప్ప మీ నోట రాదు. అయినా తెలుగే. బయట సర్లా టైపు కొడుతోంది. దానికి హిందీ వచ్చు, ఇంగ్లీషు వచ్చు. ఇవాళ నేను చెప్పేది దానికి తెలియక్కర్లేదు.

మీ అర్జీ చదివాను. మీ వాగు గట్టున మడ చెట్లు లేవు, పోటు వచ్చినప్పుడల్లా సముద్రం చెరుకులోకి వస్తోంది, ఆరెకరాలు తెల్లగా ఉప్పు తేలింది, ఈ ఏడాది మొక్కలు నాటే వాగుల్లో మీ వాగు చేర్చాలి. అంతే కదా? కింద చేత్తో రాశారు, "ఇందిరా, నువ్వు మా ఇంటి పిల్లవి" అని.

మీ ఇంటి పిల్లనా! ఆ మాట చదివి ఒళ్ళు మండిపోయింది మామయ్యా. డెబ్భై తొమ్మిదిలో ఎవరింటి పిల్లని?

అప్పుడు నాకు ఇరవై ఎనిమిది. ఈ ఆఫీసులోనే మీ కింద చిన్న ఆఫీసర్ని. మీరేమో ప్రాంతం మొత్తానికి ప్లానింగ్ పెద్ద, పైగా నాన్నకి స్నేహితులు. ఏటి మొగ దగ్గర మడ అడవంతా కొట్టేశారని, చేపలు పోయాయని, గట్లు కోసుకుపోతున్నాయని, అయిదు వాగుల్లోనూ మళ్ళీ నాటాలని ఆ ప్లాను రాసిందెవరు? నేను. నాలుగేళ్ళు! మోకాలి లోతు బురదలో దిగి, దోమలు పీక్కుతింటుంటే, తాడు పట్టుకుని కొలిచాను.

చివరికి ఒక్కటే మిగిలింది. ఆ నీళ్ళు మొగ ఊరి ఫిజీవాళ్ళవి. తాతల నాటినుంచీ వాళ్ళు చేపలు పట్టుకునే చోటు. వాళ్ళు ఊఁ అనాలి. అనాలంటే ముందు యంగోనా కట్ట తీసుకెళ్ళి, వాళ్ళ పెద్ద ముందు చాప మీద పెట్టి, మేం వస్తాం రానివ్వండి అని అడగాలి. కట్ట ఇచ్చే ఆ తంతు, సెవుసెవు, చెయ్యకుండా ఆ ఊళ్ళో కాలు పెట్టకూడదు. చెరుకు తోటల్లో పుట్టినదాన్ని, నాక్కూడా తెలుసు ఆ మాత్రం.

"కట్ట సంగతేంటి సార్?" అని అడిగానా, లేదా? మీ గదిలో నిలబడి అడిగాను. మీరేమన్నారు? "నిన్ననే డ్రైవర్ రామ్ నారాయణ జీపులో తీసుకెళ్ళి ఇచ్చొచ్చాడు. అంతా అయిపోయింది. నువ్వెళ్ళి గూటాలు పాతెయ్" అన్నారు.

నమ్మాను. నాన్న స్నేహితుణ్ణి నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతాను?

వెళ్ళాను. నెత్తిన ఇంత టోపీ! ఆ ఊళ్ళో టోపీ పెట్టుకునే హక్కు పెద్ద ఒక్కడికే అని నాకు తెలియదు. అది నా తప్పే, ఒప్పుకుంటాను. కట్ట ఇచ్చి ఉంటే అది కూడా ఎవరో నవ్వుతూ చెప్పేవాళ్ళు, తీసేసేదాన్ని, అక్కడితో పోయేది.

ఎవరూ అరవలేదు మామయ్యా. అరిచినా బాగుండేది. ఒక ముసలాయన వచ్చాడు. నేను పాతిన గూటాలు ఒక్కొక్కటే పీకి, బురద తుడిచి, తెచ్చి మా బండిలో పేర్చాడు. పదిహేడు గూటాలు. ఆడవాళ్ళంతా గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ తరవాత మీ రిపోర్టు. "ఆచారం తెలియని ఆడపిల్ల, బయటి పనికి తగదు." మీ దస్తూరీయే. రెండు నెలలు తిరక్కుండా నా కుర్చీలో మీ మేనల్లుడు సత్యేంద్ర, నా ప్లాను మీద వాడి పేరు. అప్పుడు మాత్రం సెవుసెవు దర్జాగా చేయించారు, పేపర్లో ఫొటో కూడా వేయించారు. నన్నేమో వటుకౌలా తోలారు, గని ఊళ్ళో బోడి గుట్ట మీద గడ్డి మొలిపించమని. ఎనిమిదేళ్ళు!

నేను ఎలాగో పడ్డాను. నాన్న పడలేకపోయాడు. కూతురు ఊరివాళ్ళని అవమానం చేసిందట అని సంగంలో మీరే అన్నారటగా? ఆ రోజునుంచి భజనకి పోవడం మానేశాడు. చచ్చేదాకా మళ్ళీ పోలేదు.

మంచినీళ్ళు తాగండి. ఇంకా అయిపోలేదు.

ఎనభై ఏడులో సైన్యం దిగి సర్కారుని కూలదోసింది, మనవాళ్ళందరికీ భయం పట్టుకుంది. సగం ఆఫీసు మూటలు కట్టింది. మీ సత్యేంద్ర అందరికన్నా ముందు ఆక్లాండ్ విమానం ఎక్కాడు. ఒక్క మొక్కయినా నాటాడా? నేను పోలేదు. దేశం మీద ప్రేమ అని సభల్లో దండలేస్తారు నాకు. ఏం ప్రేమ! ఆ కుర్చీ కావాలి నాకు. పగ పట్టి ఉండిపోయాను.

కుర్చీ వచ్చింది. వచ్చాక మొదటి పని, కట్ట పట్టుకుని మొగ ఊరికి వెళ్ళాను, చెప్పుల్లేకుండా, టోపీ లేకుండా. ఆ ముసలాయనే అందుకున్నాడు. ఏమీ అడగలేదు. ఆ వేళ్ళ పొడి తనోవా చెక్క గిన్నెలో కలిపి మొదటి చిప్ప పెద్దకిచ్చి, రెండోది నాకిచ్చాడు.

పాపం ఆయన అడగలేదు గానీ, రామ్ నారాయణ వచ్చి చెప్పాడు. కొలువు దిగిపోయే రోజున ఇదిగో, మీరు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని ఏడ్చాడు. "మేడమ్‌జీ, ఆ కట్ట రెండు వారాలు నా జీపు సీటు కిందే ఉంది. ఇవ్వొద్దని సాబ్ చెప్పాడు."

తల దించుకుంటారేం? ఇప్పటిదాకా నవ్వుతున్నారుగా!

సరే. నాలుగు వాగులు పచ్చబడ్డాయి. పీతలు తిరిగొచ్చాయి, కొంగలొచ్చాయి. మీది ఒక్కటే బోడిగా ఉంది. ఎందుకని మీరెప్పుడూ అడగలేదేం? ఊరివాళ్ళు ఒప్పుకోలేదని మా ఆఫీసు కాగితం పంపితే నమ్మేశారు. ప్రతి ఏడూ అదే కాగితం. సంతకం నాది.

ఒప్పుకున్నారు మామయ్యా. మూడేళ్ళ కిందటే ఒప్పుకున్నారు. ఆ ముసలాయన పోయాడు, కొడుకు ఊరి తరఫున వేలెడంత సంతకం పెట్టి పంపాడు. ఇదిగో, ఈ సొరుగులో ఉంది. చూడండి, బాగా చూడండి. మీరు కట్ట సీటు కింద పెట్టించారు, నేను కాగితం సొరుగులో పెట్టాను.

ఆదివారాలు మీ గట్టు మీదుగా కారు పోనిచ్చేదాన్ని. మీ చెరుకు ఎండి తెల్లబారుతుంటే కడుపు నిండిపోయేది. అబద్ధమెందుకు, పాయసం తాగినట్టుండేది.

నిన్నటిదాకా.

నిన్న బసంతి వచ్చింది. మీ పక్కింటి బసంతి, మొగుడు పోయినామె. దాని బావి ఉప్పైపోయిందట, మిల్లు రోడ్డు కొళాయి నుంచి మోసుకొస్తోందట. తిట్టడానికొచ్చిందనుకున్నా. కొంగులోంచి బొప్పాయి పండు తీసి బల్ల మీద పెట్టింది. "ఊరివాళ్ళు ఒప్పుకోకపోతే మీరేం చేస్తారు దీదీ" అని నన్నే ఓదార్చింది. అదిగో ఆ కిటికీలో ఉన్నది అదే. కొయ్యడానికి చెయ్యి రాలేదు.

మీ ఒక్కర్నే కొడదామనుకున్నాను. ఆ వాగు మీద పదకొండు ఇళ్ళున్నాయి. నాకు తెలియదా? ప్లాను రాసిందే నేను. తెలిసే చేశాను.

ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదు. లేవండి. ఆ కట్ట తీసుకోండి. అది నాకివ్వాల్సింది కాదు, పంతొమ్మిదేళ్ళ కిందట ఇవ్వాల్సినవాళ్ళకే ఇవ్వాలి. రేపు తొమ్మిదికి జీపు మీ ఇంటికొస్తుంది. ఆ చాప మీద కూర్చుని, అప్పుడు కట్ట ఎందుకు రాలేదో మీ నోటితో మీరే చెప్పాలి. చెప్పాకే మీ వాగులో మొక్క దిగుతుంది.

ఏమిటీ, ఈ వయసులో పరువు పోతుందా? నాన్నకి పోలేదూ?

దారిలో మార్కెట్ దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఇంకో కట్ట కొనాలి. ఎవరికా? నాకే. వాళ్ళ కాగితం మూడేళ్ళు ఎక్కడుందో నేనూ చెప్పాలిగా. చెప్పాక ఈ కుర్చీ ఉంటుందో, ఊడుతుందో, వాళ్ళ ఇష్టం.

కానీ ముందు మీరు. పెద్దవారు కదా. మీరు చెబుతుంటే పక్కనే కూర్చుని కళ్ళారా చూడాలి, అది మాత్రం నేను వదులుకోను.

ఆఁ, ఇంకోటి. టోపీ జీపులోనే వదిలెయ్యండి.