చక్రవర్తిగారి స్నానశాల

"నా గురించి నేను చెప్పుకోవడం నాకు మొదట్నుంచీ చేతకాదు," అన్నాడు చక్రవర్తి, టీకొట్టు ముందున్న బెంచీకి సరిగ్గా మధ్యలో కూర్చుని, పక్కన ఇంకెవరికీ చోటు లేకుండా కాళ్ళు బార్లా చాపి.

చక్రవర్తి ఆయన అసలు పేరు కాదు. ఎదుటి మేడ మూడో అంతస్తులో ఉన్న ఆటల కంపెనీ వాళ్ళు చాటుగా పెట్టుకున్న పేరు. ఆ కంపెనీ ఇప్పటిదాకా తయారుచేసింది ఒకటే ఆట, ఫోన్లో ఆడుకునేది. చిన్న పల్లెతో మొదలుపెట్టి, పొలాలు దున్నించి, ఊళ్ళు లేపి, పక్క రాజ్యాలతో బేరమో యుద్ధమో చేసి సామ్రాజ్యం దాకా పోవాలి. మధ్యలో కొన్ని పెద్ద పెద్ద కట్టడాలు కట్టుకోవచ్చు. వాటికి అద్భుతాలని పేరు. ఒక్కో అద్భుతం కడితే రాజ్యానికి ఒక్కో బోనస్. ఏ కట్టడానికి ఏ బోనస్ ఇవ్వాలి, చరిత్రలో దానికి కారణం ఏమిటి అని తేల్చే విభాగానికి ఆయన పెద్ద. ఆ విభాగంలో ఆయన కాక ఉన్నది ఒక్కతే. ఆమెని అందరూ లెక్కలమ్మ అంటారు.

పని లెక్కలమ్మది, ప్రసంగం చక్రవర్తిది. ఆమె మాట ఆయన నోట్లోకి వెళ్ళి, మీసం పెట్టుకుని బయటికొచ్చేది.

లెక్కలమ్మ పద్ధతి ఒకటే. ఏ అద్భుతమూ ఊరికే ఇవ్వదు. దీపస్తంభం కడితే ఓడలు ఒక గడి ఎక్కువ దూరం పోతాయి. నిజమే. కాని మంట ఆరకుండా ఉండాలంటే ఎవరో కట్టెలు మొయ్యాలి, కాబట్టి పక్కనున్న అడవి తరుగుతుంది. గ్రంథాలయం కడితే విద్య పెరుగుతుంది. పుస్తకాలు చూసి రాసేవాళ్ళకి తిండి పెట్టాలి, కాబట్టి గాదెలో ధాన్యం తగ్గుతుంది. ఆడేవాళ్ళకి ఈ ఇచ్చిపుచ్చుకోవడమే నచ్చింది.

ఒక్క స్నానశాల దగ్గర పుట్టి మునిగింది. అది కడితే జనం సంతోషిస్తారు, తిరుగుబాట్లు పోతాయి, పక్క రాజ్యాల వాళ్ళు కూడా మూటాముల్లే సర్దుకుని వచ్చి చేరతారు. పోయేది ఏమీ లేదు. జనం ఈ సంగతి కనిపెట్టేశారు. స్నానశాల కట్టి, ఫోను పక్కన పడేసి పడుకుంటే పొద్దునకి చక్రవర్తి అయిపోవచ్చు. ఇంక ఆడేదేముంది? నిన్నటిదాకా మెచ్చుకున్నవాళ్ళే 'స్నానాలాట' అని ఎగతాళి చేసి వదిలేశారు.

ఆ అద్భుతం తయారైనప్పుడు లెక్కలమ్మ సెలవులో ఉంది, వాళ్ళ అక్క పురుడు. వచ్చేసరికి స్నానశాల ఆటలోకి ఎక్కేసింది, నింద ఆమె నెత్తికెక్కేసింది.

"నీ స్నానశాల మనల్ని ముంచింది," అంది కంపెనీ నడిపే మేడం ఈ పొద్దున.

"అది నేను చెయ్యలేదు మేడం. అప్పుడు సెలవులో ఉన్నాను."

"సెలవుకి ముందే నువ్వు చేసి పెట్టి వెళ్ళావని ఆయన అంటున్నారు. విభాగానికి పెద్ద ఆయన. మీ ఇద్దరి మధ్యా నేనెక్కడ సాక్ష్యం వెతకను? కొత్త ఆట సముద్రాల మీద. అందులో అద్భుతాలు నీ చేతిలో పెడదామనుకున్నాను. ఇప్పుడు భయంగా ఉంది. సాయంత్రం చెప్తాను."

సముద్రాల ఆట! రేవులు, ఓడలు కట్టే వాడలు, వలలు అల్లేవాళ్ళ వీధులు... లెక్కలమ్మ మనసులో అవన్నీ కట్టేసి చాలాకాలమైంది. సాయంత్రం అవి ఎవరో వచ్చి కూలగొడతారు.

అదిగో, అలాంటి రోజున కరెంటు పోయింది. పైన ఉక్కపోత. అందరూ మెట్లు దిగి టీకొట్టు దగ్గరికి చేరారు. టీ కాసే అక్క పొయ్యి మీద గిన్నె పెట్టి, బిందె వంచి ఉన్న నీళ్ళన్నీ పోసేసింది. బెంచీ ఎదురుగా ఒక టాక్సీ డ్రైవరు బండికి ఆనుకుని ఫోన్లో అదే ఆట ఆడుతున్నాడు. చక్రవర్తి కంట పడనే పడ్డాడు.

"ఆ ఆట ఎవరిదో తెలుసా నీకు?"

"తెలీదు సార్."

ఇంకేం కావాలి?

"నేను చేసింది ఏమంత లేదులే," అని మొదలుపెట్టాడు చక్రవర్తి. "దీపస్తంభం ఉందా, దానికి ఓడల్ని ఒక గడి పెంచమన్నాను. అంతే. వెలుగు కనపడితే సరంగుకి ధైర్యం, ధైర్యముంటే దూరం. ఎవరికైనా తట్టే సంగతే, నాకు ముందు తట్టింది, అంతవరకే నా గొప్పతనం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నిజంగా ఓడలు నడిపే ఆయన ఒకాయన ఫోన్ చేశాడు. సార్, మీ ఆట ఆడినప్పట్నుంచీ మా ఓడ కూడా దూరం పోతోంది, ఇంధనం అంతే పోస్తున్నాం, అన్నాడు."

"అబ్బో," అన్నాడు డ్రైవరు.

"నేనేమన్నాను? అది మీ మంచితనం అన్నాను. నాకు పొగడ్తలు పడవు. ఆ తర్వాత గోడ. దేశం చుట్టూ పెద్ద గోడ కడితే శత్రువు నెమ్మదిస్తాడు, అది అందరికీ తెలుసు. ఎందుకు నెమ్మదిస్తాడు? గోడ ఎత్తుకా? కాదు! గోడ చూడగానే మనిషికి, అవతల ఏదో దాచారు, మనకేదో అయిపోతుంది అని బుర్రలో ఒక పురుగు తొలుస్తుంది, కాళ్ళు వాటంతటవే ఆగుతాయి. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, నేను చెప్పాక పుస్తకాల్లోకెక్కింది. ఇది విని ఒక సేనాధిపతి, ఏ దేశమో అడక్కు, చెప్పనని మాటిచ్చాను, విమానం పంపించాడు. వెళ్ళాను. మైదానం నిండా సైన్యం. గోడ కట్టడానికి టైము లేదన్నారు. సరే, ఒక సుద్దముక్క ఇవ్వండి చాలన్నాను. నేల మీద ఒక్క గీత గీశాను. రమ్మన్నాను. సైన్యం మొత్తం పరిగెత్తుకొచ్చి గీత దగ్గర టక్కున ఆగింది!"

"గుర్రాలు కూడానా?" అంది టీ అక్క, గిన్నెలో టీపొడి వేస్తూ.

"గుర్రాలే ముందు ఆగాయి. వాటికి బుర్ర ఎక్కువ."

లెక్కలమ్మ ఖాళీ గ్లాసు పట్టుకుని గోడకి ఆనుకుని వింటోంది. గోడ సంగతి ఆమెదే. గోడకి కాపలా కాసేవాళ్ళ జీతబత్యాలతో ఖజానా తరుగుతుందని ఆమె రాస్తే, అది పిసినారి బుద్ధి అని కొట్టెయ్యబోయింది ఈయనే. ఇప్పుడు ఆమె గోడ మీద ఈయన గుర్రాలు మేస్తున్నాయి. అలవాటే. వినీ వినీ చెవులకి కాయలు కాశాయి.

"ఇంక రాజసమాధి," అన్నాడు చక్రవర్తి, గొంతు తగ్గించి. "దానికి రెండే పాయింట్ల బోనస్ ఇచ్చాను. అసలు ఇవ్వనే కూడదు, చచ్చిన రాజు ఎవరికి పనికొస్తాడు? ఇచ్చి ఇంటికి పోయి పడుకున్నానా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? కల్లో ఆ రాజు ప్రత్యక్షం. ఒంటి నిండా బంగారం. వెనక రాణులు, ఎంతమందో, మా వీధి చివరిదాకా బారు! ఏమయ్యా, నా సమాధికి రెండేనా, కనీసం ఐదన్నా చెయ్యి, అన్నాడు. కుదరదన్నాను. నాలుగన్నాడు. మూడుకి ఒప్పందం. చేతిలో చెయ్యేశాడు. పొద్దున లేస్తే అరచేతికి బంగారపు రజను అంటుకుని ఉంది!"

"దాన్నేం చేశారు సార్?"

"కడిగేసుకున్నాను. లంచం ముట్టను."

అందరూ నవ్వారు. చక్రవర్తి ఆ నవ్వుని చప్పట్ల కింద జమకట్టుకున్నాడు. ఆ నవ్వుల మధ్యే మేడం కూడా మెట్లు దిగి వచ్చింది. బెంచీ వెనకాల నిలబడి టీ అక్కకి ఒక వేలు చూపించింది, ఒక టీ అని. చక్రవర్తి వీపు మేడం వైపు. ఎదురుగా నిలబడ్డ లెక్కలమ్మకి మాత్రం ఇద్దరూ కనపడుతున్నారు.

డ్రైవరు ఫోను జేబులో పెట్టి చేతులు జోడించాడు. "సార్, మిగతావన్నీ ఎలా ఉన్నా, ఆ స్నానశాల పెట్టిన మనిషికి మాత్రం దండం పెట్టాలి. కిరాయికీ కిరాయికీ మధ్య నేనెక్కడ యుద్ధాలు చేసేది? అది కట్టేసి ఒక కునుకు తీస్తాను, లేచేసరికి గెలుస్తాను. మా స్టాండులో అందరం అంతే. అది పెట్టినాయన దేవుడు సార్. అదెవరు?"

చక్రవర్తి నోరు తెరుచుకుంది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు మూసుకుంది. అది నాది కాదని నెలల తరబడి చెప్పుకున్న నోరు కదా, పాపం, రెండువైపులా ఒకేసారి పోలేక పెదాల దగ్గర ఇరుక్కుంది.

లెక్కలమ్మ గ్లాసు కింద పెట్టింది.

"నాదే అన్నా," అంది.

ఆయన వెనకాల మేడం కనుబొమలు పైకి లేవడం ఆమెకి కనపడుతూనే ఉంది. ఈ ఒక్క మాటతో సముద్రాలన్నీ ఇంకిపోవచ్చు. కాని ఈయన్ని ఇన్నేళ్ళుగా చూస్తోంది. నింద అయితే ఎవరికైనా దానం చేస్తాడు. పొగడ్త ఇంకొకరి విస్తట్లో పడితే ఊరుకోగలడా?

డ్రైవరు ఆమె వైపు తిరిగిపోయాడు. "మీరా అక్కా! అంత పెద్ద బుర్ర ఎలా వచ్చిందక్కా? మా స్టాండుకి ఒకసారి రావాలి మీరు. దండేసి కూర్చోబెడతాం."

"దండ!" అన్నాడు చక్రవర్తి, చాపిన కాళ్ళు వెనక్కి లాక్కుని.

"ఏముందన్నా, ఆలోచన అలా వచ్చేసింది..." అంది లెక్కలమ్మ సిగ్గుపడుతున్నట్టు.

"ఎవరికొచ్చింది?" చక్రవర్తి బెంచీ మీంచి సగం లేచాడు. "నీకా వచ్చింది? ఏమమ్మాయ్, నువ్వు మీ అక్క పురిటికి పోయి కూర్చుంటే ఇక్కడ స్నానశాల కట్టిందెవరు? మొదటి ఇటుక నుంచి చివరి తువ్వాలు దాకా నేను! ఒక్కణ్ణే! నువ్వుంటే కట్టనిచ్చేదానివా? దానికేం తరుగు, దీనికేం తరుగు అని పీక్కుతినేదానివి!"

"అదేంటి సార్, అది నాదని మీరే కదా..."

"నీదేంటి నీది! బాబూ, ఇటు చూడు, దండ సంగతి నాతో మాట్లాడు. స్నానశాల వెనకాల ఎంత చరిత్ర ఉందో ఈమెకి తెలిస్తే కదా! స్నానం చేసిన మనిషికి కోపం రాదు. కోపం లేనివాడు తిరగబడడు. ఇది నేను నా మీదే ప్రయోగం చేసి తెలుసుకున్నాను. పొద్దున్నే వేణ్ణీళ్ళు పోసుకుని బయటికొచ్చి చూశాను, ప్రపంచంలో ఒక్క సమస్యా కనపడలేదు. ఇంక తరుగెందుకు, ఖర్చెందుకు? అన్నీ లాభాలే పెట్టెయ్యమన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నిజంగా కొట్టుకుంటున్న రెండు దేశాలు ఇది విని యుద్ధం మధ్యలో ఆపేశాయి. సరిహద్దు పొడుగునా తొట్లు పెట్టించాను. సైనికులు తుపాకులు పక్కన పడేసి, నా వీపు రుద్దు, నీ వీపు రుద్దుతాను అని ఒకళ్ళనొకళ్ళు బతిమాలుకోవడం! రెండువైపుల సేనాధిపతులూ ఒకే తొట్లో! ఆ నురగకి సరిహద్దు ఎక్కడుందో కనపడక, ఇప్పటికీ ఆ రెండు దేశాలూ ఒకటిగానే ఉన్నాయి!"

"మరి నీళ్ళెవరు తోడారండీ?" అని వెనకనుంచి ఒక ఆడగొంతు అడిగింది.

టీ అక్క అనుకున్నాడు కాబోలు, వెనక్కి కూడా తిరగలేదు. "కథ మధ్యలో నీళ్ళేంటమ్మా? స్నానాలగది తలుపు తీస్తే నీళ్ళుంటాయి. వేడిగా ఉంటాయి. మా ఇంట్లో నా చిన్నప్పట్నుంచీ ఉంటున్నాయి. అప్పుడు మా అమ్మ ఉండేది, ఇప్పుడు మా ఆవిడ ఉంది, మనుషులు మారినా నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఉంటాయి. ఇన్నేళ్ళలో ఒక్కరోజు లేకపోవడం చూడలేదు. అదే చరిత్ర!"

ఎవరూ నవ్వలేదు. టీ వడగడుతున్న చెయ్యి ఆగింది.

"అదీ సంగతి," అంది మేడం, ముందుకొచ్చి. "దీపస్తంభానికి కట్టెలు మోసేవాళ్ళున్నారు. గోడకి కాపలావాళ్ళున్నారు. ఒక్క స్నానశాలలోనే నీళ్ళు వాటంతటవే కాగి, వాటంతటవే నడిచి వచ్చాయి. ఇది చూసైనా నాకు తెలియాల్సింది."

చక్రవర్తి లేచి నిలబడ్డాడు. నిలబడ్డాక బెంచీ మీద నలుగురికి చోటు కనపడింది. "అంటే మేడం, నా ఉద్దేశం... పర్యవేక్షణ నాది, అసలు పని మాత్రం అమ్మాయే..."

"వద్దు చక్రవర్తిగారూ," అంది లెక్కలమ్మ. ఆ పేరు ఆయన మొహం మీద అనడం ఎవరికైనా అదే మొదటిసారి. "ఇంతమంది ముందు మీదన్నారు. చివరి తువ్వాలు దాకా మీదే. నేను మాత్రం అందులో చెయ్యి పెట్టను."

పైన మూడో అంతస్తులో లైట్లు వెలిగాయి. మేడం, టీ అక్క ఇచ్చిన టీ తాగేసి గ్లాసు పెట్టింది. "సాయంత్రం దాకా ఎందుకు? సముద్రాల ఆట నీది. అద్భుతాలన్నీ నువ్వే చూడు. పైకి రా, మాట్లాడదాం," అని లెక్కలమ్మతో చెప్పి మెట్లెక్కింది.

డ్రైవరుకి ఇంకా సగమే అర్థమైంది. "అయితే ఆ స్నానశాల మీది కాదా అక్కా?"

"కాదన్నా. నాదైతే మీరు కునుకు తీసి గెలిచేవాళ్ళు కాదు."

"మరి?"

"లేచి నీళ్ళు తోడాల్సొచ్చేది."

ఆమె నవ్వి, మెట్ల వైపు నడిచింది. వెనకనుంచి చక్రవర్తి గొంతు వినపడింది, ఎండిపోయి, పీలగా. "కాసిని మంచినీళ్ళివ్వమ్మా."

"బిందెలో ఉంటాయి చూడండి సార్," అంది టీ అక్క.

చక్రవర్తి మూత తీసి లోపలికి తొంగిచూశాడు. "లేవే?"

"ఉన్నవన్నీ మీ అందరి టీలోకే పోశాను. కుళాయి సందు చివర."

లెక్కలమ్మ మొదటి మెట్టు మీద ఒక్క క్షణం ఆగి వెనక్కి చూసింది. చక్రవర్తి బిందె చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగాడు, లేచాడు, మళ్ళీ వంగాడు. దాన్ని ఎక్కడ పట్టుకుని ఎత్తాలో ఆయనకి ఎంతకీ అంతుపట్టలేదు.