తీసేసిన స్వరం

అఫ్జల్‌గంజ్‌లో హార్మోనియంలు బాగుచేసే దుకాణం. వీధుల్లో పాడుకుని బతికే మనిషి భుజం మీది పెట్టె దించాడు.

"ఈ మెట్టు ఒత్తకుండనే మోగుతుంది భాయ్. బంద్ చెయ్."

"దుమ్ము ఇరికి ఉంటది, ఇప్పి చూస్త... అన్నా, దీని కింద ఇత్తడి రీడే లేదు! ఎట్ల మోగుతది?"

"ఎరుకే. నేనే తీసిన."

"ఎందుకన్నా?"

"మా ఇంటామె రాహేలు ఏ పాటైనా ఆ స్వరం మీదనే ఎత్తుకునేది. మట్టి చేసిన నాడు ఆమె చేతిల పెట్టిన."

"ఫికర్‌తోని నీకు గట్ల వినబడుతుంది, అంతే."

"నేను గూడ గట్లనే అనుకున్న. పొద్దుగాల నయాపూల్ మీద మళ్లా మోగింది. నా పక్కన పూలమ్మే ఆమెకు చావు సంగతి తెల్వదు. దండ కట్టుకుంట, తల ఎత్తకుండనే అడిగింది: 'ఇన్ని దినాలు ఏడ పోయినవే రాహేలూ?'"